అట్లాంటిక్‌కు గడియారం ఉందా?

కొన్నేళ్ల కిందట ఉత్తర అట్లాంటిక్ మహాసముద్రపు ఉపరితల ఉష్ణోగ్రతల పట్టికను కంప్యూటర్లోకి దించుకొని, పంతొమ్మిదో శతాబ్దం నడిమి నుంచి నెలనెలా నమోదైన ఆ అంకెలన్నింటినీ ఒక గ్రాఫుగా గీసుకున్నాను. గీత మొత్తంగా పైకి పోతోంది. అది భూతాపం వల్ల వచ్చిన వాలు అనుకొని, దాని మీదుగా ఒక సరళరేఖ గీసి, ఆ రేఖ ఎత్తును అన్ని అంకెల్లోంచీ తీసేశాను. మిగిలిన దానికి పదేళ్ల సగటు కట్టాను. అప్పుడు తెర మీద తేలిన బొమ్మ చూసి ముచ్చటేసింది. 1930ల నుంచి 1960ల మొదటి దాకా ఒక గుట్ట, 1960ల మధ్య నుంచి 1990ల మధ్య దాకా ఒక పల్లం, 1995 తరువాత మళ్లీ ఒక గుట్ట. గుట్టకూ పల్లానికీ తేడా సుమారు 0.4 డిగ్రీలు. ఆ ఫైలుకు "65 ఏళ్ల చక్రం" అని పేరు పెట్టి దాచుకోవడమే కాక, అడిగినవారికీ అడగనివారికీ కూడా ఆ సముద్రం ఆరున్నర దశాబ్దాలకోసారి వేడెక్కి చల్లబడుతుందని, అందులో మనిషి ప్రమేయమేమీ లేదని చెప్పుకుంటూ తిరిగాను.

ఆ మాటలో సగం ఇప్పటికీ నమ్ముతాను. ఉత్తర అట్లాంటిక్ దశాబ్దాల తరబడి వేడిగానో చల్లగానో ఉండిపోవడానికి గట్టి సహజ కారణాలున్నాయి, వాటిని విడివిడిగా చూపించవచ్చు. రెండో సగాన్ని, అంటే ఆ మార్పు ఒక నిర్ణీత కాలానికి తిరిగి వచ్చే చక్రమన్న మాటను, వెనక్కి తీసుకుంటున్నాను. "సహజం" అన్నది ఒక వాదన, "చక్రం" అన్నది మరో వాదన. మొదటిదానికి దొరికిన సాక్ష్యాన్ని రెండోదాని ఖాతాలో వేసుకోవడమే నేను చేసిన తప్పు. ఆ తప్పు నా ఒక్కడిదే అయితే ఇంత రాయవలసిన పని లేదు.

పేరు పుట్టుక నుంచే ఈ తికమక మొదలైంది. 1994లో ష్లెసింజర్, నవీన్ రామన్‌కుట్టి అనే శాస్త్రవేత్తలు కలిసి ప్రపంచ ఉష్ణోగ్రతల రికార్డులో 65 నుంచి 70 ఏళ్ల డోలనం ఒకటి ఉందని, దాని మూలం ఉత్తర అట్లాంటిక్ ప్రాంతమని ప్రతిపాదించారు. 2000లో మైకేల్ మాన్ అనే శీతోష్ణస్థితి శాస్త్రవేత్త ఒక విజ్ఞాన పాత్రికేయుడితో మాట్లాడుతూ దానికి "అట్లాంటిక్ మల్టీడెకేడల్ ఆసిలేషన్", అంటే దశాబ్దాల తరబడి సాగే అట్లాంటిక్ డోలనం, అన్న పేరు వాడారు, క్లుప్తంగా ఏ.ఎం.ఓ. అన్న ఆ పేరు స్థిరపడిపోయింది. అదే మాన్ 2020, 2021 సంవత్సరాల్లో తన సహచరులతో కలిసి ప్రచురించిన పత్రాల్లో, తాను పేరు పెట్టిన ఆ డోలనం సముద్రంలో అంతర్గతంగా పుట్టేది కాదని, పారిశ్రామిక యుగానికి ముందు అగ్నిపర్వతాలూ ఆ తరువాత మానవ చర్యలూ కలిసి అలాంటి భ్రమ కలిగించాయని తేల్చారు. పేరు పెట్టినవాడే ఆ బిడ్డ లేదనడం విజ్ఞానశాస్త్రంలో తరచుగా కనబడే దృశ్యం కాదు. ఆయన తేల్చిన దానితో నేను పూర్తిగా ఏకీభవించను గానీ, "ఆసిలేషన్" అన్న పదం మీద ఆయన అనుమానం న్యాయమైనదే. అందుకే ఇటీవల చాలామంది ఆ పదం మానేసి "వేరియబిలిటీ", అంటే మార్పుల తీరు, అంటున్నారు.

అనుమానం ఎందుకు న్యాయమో తెలుసుకోవడానికి సముద్రం దాకా వెళ్లనవసరం లేదు. స్ప్రెడ్‌షీటులో ఒక నిలువు వరసలో 170 గడులు తీసుకోండి. మొదటి గడిలో సున్నా వేయండి. తరువాతి ప్రతి గడిలో, పై గడిలోని విలువలో పదింట తొమ్మిది వంతులు తీసుకొని, దానికి పాచిక వేసినట్టు యాదృచ్ఛికంగా వచ్చే చిన్న సంఖ్యనొకదాన్ని కలపండి. ఆ పైన పదేళ్ల సగటు కట్టి గ్రాఫు గీయండి. నేను ఇరవై సార్లు గీశాను. ఆరేడు సార్లు నా అట్లాంటిక్ బొమ్మకు తోబుట్టువు అనదగ్గ గీత వచ్చింది, ఒకటి రెండు సార్లు గుట్టలూ పల్లాలూ ఇంకా నున్నగా, ఇంకా నమ్మదగ్గట్టుగా వచ్చాయి. ఆ గడుల్లో చక్రమేదీ నేను పెట్టలేదు. ఉన్నదల్లా రెండే: ఏ ఏటికాయేడు తగిలే గుడ్డి తాకిడి, నిన్నటిని అంత తొందరగా మరచిపోని గుణం.

సగటు కట్టడం వల్లనే లేని అలలు పుడతాయని 1927లోనే యెవ్గెనీ స్లట్‌స్కీ అనే రష్యన్ గణితవేత్త చూపించాడు. ప్రభుత్వ లాటరీలో పడిన అంకెలను తీసుకొని వాటికి కదిలే మొత్తాలు కట్టి, ఆ గీతను ఇంగ్లండు వ్యాపారపు హెచ్చుతగ్గుల గీత పక్కన పెడితే రెండూ అన్నదమ్ముల్లా ఉన్నాయి. శీతోష్ణస్థితి విషయంలో ఇదే ఆలోచనకు భౌతికశాస్త్రపు పునాది వేసినవాడు క్లాస్ హాసెల్‌మాన్. గాలిలో రోజూ జరిగే అల్లరినంతా సముద్రం కూడగట్టుకుని నెమ్మదైన మార్పులుగా బయటపెడుతుందని, నీటిలో తేలే పుప్పొడి రేణువును కంటికి కనబడని అణువుల తాకిడి అటూ ఇటూ నడిపించడం లాంటిదే ఇదని, 1976లో ఆయన రాసిన పత్రం సారాంశం. దానికీ ఆయన ఇతర కృషికీ కలిపి 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ ఫలితం తెలిసిన తరువాత, 170 ఏళ్ల రికార్డులో రెండున్నర అలలు చూసి 65 ఏళ్ల గడియారం ఉందనడానికి నాకు నోరు రాదు. మూడు సార్లు కాకి వాలితే మూడు పళ్లు రాలాయి. అంతమాత్రాన కాకికీ పండుకీ సంబంధం రుజువైపోదు.

అయితే ఇక్కడే ఆగిపోతే అది కూడా అన్యాయమే అవుతుంది. యాదృచ్ఛికమన్నంత మాత్రాన కారణం లేదని అర్థం కాదు. స్ప్రెడ్‌షీటులోని ఆ "పదింట తొమ్మిది వంతులు" నిజమైన సముద్రంలో దేనికి సంకేతమో, ఆ పాచికలు వేసేది ఎవరో అడగాలి.

పాచికలు వేసేది ప్రధానంగా చలికాలపు గాలి. అజోర్స్ దీవుల దగ్గర అధిక పీడనం, ఐస్‌లాండ్ దగ్గర అల్ప పీడనం ఉంటాయి. ఈ రెంటి మధ్య తేడా కొన్ని చలికాలాల్లో పెరుగుతుంది, కొన్నిట్లో తగ్గుతుంది. పెరిగినప్పుడు పడమటి గాలులు బలంగా వీచి ఉత్తర ఐరోపాలో చలి తగ్గుతుంది, అదే సమయంలో గ్రీన్‌లాండ్ పడమటి తీరం గడ్డకట్టుకుపోతుంది. డెన్మార్కులో చలి ఎక్కువైన ఏడు గ్రీన్‌లాండ్‌లో తక్కువగా ఉంటుందని, అక్కడ చలి తక్కువైతే ఇక్కడ ఎక్కువని, 1770లలో గ్రీన్‌లాండ్‌లో పనిచేసిన హన్స్ ఎగెడె సాబ్యె అనే మత ప్రచారకుడు తన దినచర్యలో రాసుకున్నాడు. దానికి "నార్త్ అట్లాంటిక్ ఆసిలేషన్" అని 1920లలో పేరు పెట్టింది గిల్బర్ట్ వాకర్. భారత వాతావరణ శాఖకు అధిపతిగా ఉంటూ రుతుపవనాలను ముందుగా పసిగట్టే మార్గం కోసం ప్రపంచం నలుమూలల పీడనాల లెక్కలు వేయించిన ఆ వాకరే. ఇది కూడా పేరుకే ఆసిలేషన్. ఒక ఏటి గుణం మరుసటి ఏటికి చాలా తక్కువగా అంటుతుంది. గాలికి జ్ఞాపకం వారం పది రోజులకు మించదు.

జ్ఞాపకం నీటిది. సముద్రపు పై మూడు మీటర్ల నీటిలో పట్టే వేడి ఆ పైనున్న వాతావరణమంతటిలో పట్టే వేడితో దాదాపు సమానం. ఉత్తర అట్లాంటిక్‌లో చలికాలపు గాలి కలచివేసే నీటి మందం మూడు మీటర్లు కాదు, కొన్ని వందల మీటర్లు, కెనడాకూ గ్రీన్‌లాండ్‌కూ మధ్యనున్న లాబ్రడార్ సముద్రంలోనైతే వెయ్యి మీటర్లు దాటుతుంది. కెనడా మంచునేల మీద నుంచి పొడిగా, వణికించే చలితో వచ్చే గాలి ఆ నీటిని తాకి దాని వేడిని లాగేస్తుంది. చల్లబడిన నీరు బరువెక్కి మునుగుతుంది. దాని చోటికి కింది నుంచి కాస్త వెచ్చని నీరు పైకి వచ్చి, అదీ చల్లబడి మునుగుతుంది. 1990ల తొలి ఏళ్లలో గాలి పాచిక వరసగా ఒకే వైపు పడి, ఈ మునక 2000 మీటర్ల లోతును దాటిపోయింది. అలా దిగిన నీటిని మళ్లీ పైకి తేవడానికి దశాబ్దాలు పడుతుంది. ఒక చలికాలపు గాలి చేసిన పని, ఆ గాలి సంగతి అందరూ మరచిపోయిన తరువాత కూడా, లోతుల్లో అలాగే నిలిచి ఉంటుంది.

ఇక్కడ కాస్త ఆగి ఒక్క ఉదాహరణను దగ్గరగా చూడాలని ఉంది, ఎందుకంటే "సహజ కారణం" అన్న మాటకు ఇంతకంటే స్పష్టమైన రూపం నాకు దొరకలేదు. లాబ్రడార్ సముద్రం నడుమ "బ్రావో" అనే స్థానంలో 1974 దాకా వాతావరణ నౌకలు వంతులవారీగా నిలబడి, గాలినీ నీటినీ కొలుస్తూ ఉండేవి. 1960ల చివరి ఏళ్లలో ఆ నౌకల కొలతల్లో ఒక వింత నమోదైంది. ప్రతి ఏటా చలికాలంలో లోతు దాకా కలిసే నీరు కలవడం మానేసింది. పై పొరలో ఉప్పు తగ్గిపోయింది. ఉప్పు తగ్గిన నీరు ఎంత చల్లబడినా కింది నీటి బరువుకు చేరదు గనుక, తొట్టి మీద మూత పెట్టినట్టు అది పైనే ఉండిపోయింది. 1972 చలికాలం మరీ తీవ్రంగా వచ్చి ఆ మూతను పగలగొట్టే దాకా పరిస్థితి అదే.

ఆ మంచినీరు ఎక్కడిది? గ్రీన్‌లాండ్‌కూ స్వాల్బార్డ్‌కూ మధ్యనున్న ఫ్రామ్ జలసంధి గుండా ఆర్కిటిక్ నుంచి మామూలుకంటే ఎక్కువ మంచు దిగి వచ్చింది. అదనంగా చేరిన మంచినీరు సుమారు 2000 ఘన కిలోమీటర్లని లెక్క. 1960ల చివరిలో ఐస్‌లాండ్ ఉత్తర తీరం మంచుతో మూసుకుపోయింది. ఆ నీటి ముద్ద గ్రీన్‌లాండ్ దక్షిణ కొమ్మును చుట్టి, 1970ల మొదట్లో లాబ్రడార్ సముద్రం దాటి, తూర్పుకు తిరిగి, ఆ దశాబ్దం మధ్యలో స్కాట్లాండ్‌కు ఉత్తరాన సాగి, 1980ల మొదట్లో బయలుదేరిన చోటికి దగ్గరగా చేరింది. పద్నాలుగేళ్ల ప్రదక్షిణ. సముద్రశాస్త్రవేత్తలు దాన్ని "గ్రేట్ సాలినిటీ అనామలీ" అంటారు. నా గ్రాఫులోని పల్లం సరిగ్గా ఈ కాలంలోనే మొదలవుతుంది. ఇందులో గడియారం ఎక్కడా లేదు. ఒకచోట మంచు ఎక్కువ జారింది, దాని ఫలితం దారి పొడవునా దశాబ్దంన్నర పాటు కనబడింది.

చేపలకు ఈ మార్పులు మనకంటే ముందే తెలుస్తాయి. 1920ల నుంచి గ్రీన్‌లాండ్ పడమటి తీరపు నీళ్లు వెచ్చబడ్డాక కాడ్ చేపలు ఆ తీరం వెంట వెయ్యి కిలోమీటర్లకు పైగా ఉత్తరానికి విస్తరించాయి. సీల్ వేట మీద బతికిన ఊళ్లు కాడ్ వేటకు మళ్లాయి. 1960ల చివర నీళ్లు చల్లబడ్డాక ఆ వేట కూలిపోయింది, అవే ఏళ్లలో ఐస్‌లాండ్ హెర్రింగ్ వేటా కూలింది. రెండు చోట్లా మితిమీరిన వేట పాత్ర ఉంది కాబట్టి మొత్తం నేరాన్ని సముద్రం మీదకు నెట్టలేం. ఈ విషయంలో తిలాపాపం తలా పిడికెడు అన్న సామెత ఎప్పుడూ దగ్గర పెట్టుకోవాలి.

ఇప్పుడు అసలు పెద్ద యంత్రం దగ్గరికి వద్దాం. ఉష్ణమండలం నుంచి వెచ్చని ఉప్పునీరు పై పొరల్లో ఉత్తరానికి పోయి, అక్కడ చల్లబడి మునిగి, లోతుల్లో దక్షిణానికి తిరిగి వచ్చే ప్రవాహానికి "ఆమోక్" అని పొట్టి పేరు. 26.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర అది సగటున సెకనుకు కోటీ 70 లక్షల ఘన మీటర్ల నీటిని మోస్తుంది. ప్రపంచంలోని నదులన్నీ కలిసి సముద్రంలో పోసే నీటికి ఇది పది రెట్లకు పైమాటే. దానితో పాటు ఉత్తరానికి చేరే వేడి సుమారు 12 లక్షల గిగావాట్లు. ఇంత పెద్ద యంత్రం కాస్త వేగం పుంజుకున్నా, నెమ్మదించినా ఉత్తర అట్లాంటిక్ ఉష్ణోగ్రత మారక తప్పదు. 1990ల మొదట్లో బలమైన చలిగాలులు లాబ్రడార్ నీటిని ముంచి ఆ యంత్రాన్ని వేగిరపరచాయని, ఆ వేగంతో ఉత్తరానికి చేరిన అదనపు వేడే 1995 తరువాతి హఠాత్ వెచ్చదనానికి ముఖ్య కారణమని ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటున్నారు. చల్లని గాలి ఏళ్ల తరువాత వెచ్చదనానికి దారితీయడం మొదట వింతగా తోస్తుంది గానీ, మధ్యలో ఉన్న ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకుంటే అందులో వైరుధ్యమేమీ లేదు.

ఈ యంత్రాన్ని కొలవడంలో జరిగిన ఒక సంఘటన చూశాకే నాకు బాగా బుద్ధి వచ్చింది. 1957, 1981, 1992, 1998, 2004 సంవత్సరాల్లో, అంటే అయిదే సార్లు, ఓడలు ఆ అక్షాంశానికి దగ్గరగా ప్రయాణించి కొలతలు తీశాయి. ఆ అయిదు కొలతలను పోల్చి ఆమోక్ దాదాపు 30 శాతం మందగించిందని 2005లో ప్రకటించారు. అప్పటికే 2004 ఏప్రిల్ నుంచి "రాపిడ్" పరికరాల వరస బహామా దీవుల నుంచి ఆఫ్రికా తీరం దాకా నీటిలో నిలబడి ఎడతెగకుండా కొలుస్తోంది. మొదటి ఏడాది లెక్కలు బయటికి వచ్చేసరికి, ఆ ఒక్క ఏడాదిలోనే ప్రవాహం సెకనుకు 40 లక్షల ఘన మీటర్ల నుంచి మూడున్నర కోట్ల ఘన మీటర్ల దాకా ఊగిసలాడినట్టు తేలింది. అయిదు చుక్కలు కలిపి గీసిన గీత ఆ ఊపులో ఎక్కడ పడినా పడవచ్చు. కొలిచినవారు నిష్ణాతులే, కొలతలూ సరైనవే. చుక్కల మధ్య ఏం జరిగి ఉంటుందన్న ఊహే తప్పింది.

ఇంతవరకు చెప్పినవన్నీ సముద్రం, గాలి, మంచు తమలో తాము చేసుకున్న పనులు. అగ్నిపర్వతాలు బయటి నుంచి వచ్చే సహజ కారణం. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లోని పినటూబో పేలినప్పుడు కోటిన్నర నుంచి రెండు కోట్ల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ వాతావరణపు పై పొర అయిన స్ట్రాటోస్ఫియర్‌కు ఎగసి, ఎండను అడ్డుకొని, ప్రపంచ సగటు ఉష్ణోగ్రతను కొంతకాలం అర డిగ్రీ దాకా తగ్గించింది. పెద్ద పేలుళ్ల తేదీలను నా గ్రాఫు మీద గుర్తుపెట్టి చూశాను. 1912లో అలాస్కాలో కాట్మాయ్ ప్రాంతపు పేలుడు తరువాత 1963లో ఆగుంగ్ పేలే దాకా వాతావరణాన్ని గట్టిగా చల్లబరిచిన పేలుడు లేదు. నా మొదటి గుట్ట ఆ నిశ్శబ్దంలోనే ఉంది. 1963 ఆగుంగ్, 1982 ఎల్ చిచోన్, 1991 పినటూబో, మూడూ పల్లంలో పడ్డాయి. మాన్ వాదనకు బలం ఇక్కడే. అగ్నిపర్వతాలు సహజమే, కానీ వాటికి 65 ఏళ్ల నియమం లేదు.

పల్లానికి మరో హక్కుదారు ఉంది, అది సహజం కాదు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఉత్తర అమెరికా, ఐరోపా కర్మాగారాలు బొగ్గు పొగతో విడిచిన సల్ఫేట్ కణాలు అట్లాంటిక్ మీద ఎండను తగ్గించి మేఘాలను మరింత తెల్లబరిచాయి. 1970, 80 దశకాల్లో కాలుష్య నియంత్రణ చట్టాలతో ఆ పొగ తగ్గాక ఎండ మళ్లీ నీటిని చేరింది. 2012లో బ్రిటిష్ వాతావరణ సంస్థకు చెందిన బూత్, ఆయన సహచరులు ఈ కణాలతోనే ఇరవయ్యో శతాబ్దపు అట్లాంటిక్ కథలో చాలా భాగాన్ని తమ కంప్యూటర్ నమూనాలో పునఃసృష్టించారు. మరుసటి ఏడాదే రాంగ్ జాంగ్, ఆమె సహచరులు దానికి గట్టిగా అడ్డు చెప్పారు: ఆ నమూనా ఉపరితలాన్ని బాగానే చూపిస్తోంది గానీ, ఉత్తరపు నీళ్లలో లోతున కొలిచిన వేడితో, ఉప్పుతో అది పొసగడం లేదు.

నా లెక్కలో ఈ మొత్తం వివాదంలో తీర్పుకు పనికొచ్చే ప్రశ్న ఇదే: నీరు వెచ్చగా ఉన్నప్పుడు వేడి ఎటు పోతోంది? ఎండ పెరిగి నీరు వెచ్చబడితే వేడి పై నుంచి నీటిలోకి దిగుతూ ఉండాలి. ప్రవాహం తెచ్చిన వేడితో నీరు వెచ్చబడితే అదే వేడి నీటిలోంచి గాలిలోకి పోతూ ఉండాలి. ఏడాది రెండేళ్ల మార్పుల్లో గాలి సముద్రాన్ని శాసిస్తుందని, దశాబ్దాల మార్పుల్లో సముద్రం గాలిని శాసిస్తుందని జేకబ్ యెర్క్‌నెస్ అనే వాతావరణ శాస్త్రవేత్త 1964లోనే ఊహించాడు. 2013లో సెర్గెయ్ గులెవ్, ఆయన సహచరులు పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి ఓడలు నమోదు చేసిన కొలతలతో ఆ ఊహను పరీక్షించి, మధ్య అక్షాంశాల్లో దశాబ్దాల స్థాయిలో వెచ్చని నీరు గాలికి వేడిని ఇస్తోందని చూపించారు. కాబట్టి గ్రీన్‌లాండ్ దక్షిణాన, లాబ్రడార్ చుట్టూ, కథ చాలావరకు సముద్రానిదే అని నేను అనుకుంటున్నాను. ఉష్ణమండల అట్లాంటిక్‌లో మాత్రం ఎండ, మేఘం, సహారా ధూళి, పొగ, అగ్నిపర్వతం అన్నీ పోటీపడతాయి; అక్కడ సముద్ర ప్రవాహానికి ఒంటరిగా పట్టం కట్టడానికి నా దగ్గర ఆధారం లేదు. ఈ రెండు ప్రాంతాలనూ కలిపి ఒకే సగటుగా మార్చి, దానికొక పేరు పెట్టి, ఆ పేరుకొక కారణం వెతకడంతోనే సగం గొడవ పుట్టిందని నా అభిప్రాయం.

కొలతల సంగతీ చెప్పాలి, ఎందుకంటే 0.4 డిగ్రీల గుట్ట గురించి మాట్లాడుతున్నాం. పాతకాలంలో నావికుడు గుడ్డ బకెట్‌ను తాడుతో సముద్రంలోకి వదిలి, నీరు తోడి, డెక్కు మీదికి లాగి, అందులో థర్మామీటరు ముంచేవాడు. తడి గుడ్డ మీదుగా గాలి వీస్తుంటే, మట్టి కుండలో నీరు చల్లబడినట్టే, పాదరసం నిలబడేలోగా ఆ నీరు కాస్త చల్లబడేది. యుద్ధకాలంలో రాత్రిపూట డెక్కు మీద దీపం వెలిగిస్తే శత్రువుకు కనబడే ప్రమాదం ఉండడంతో, ఎక్కువ కొలతలు ఇంజను గదిలోకి వచ్చే నీటినుంచి తీశారు. అది కాస్త వెచ్చగా చూపించేది. 1945లో యుద్ధం ముగిసి బకెట్లు తిరిగి వచ్చేసరికి ప్రపంచ సముద్ర ఉష్ణోగ్రతల పట్టికలో సుమారు 0.3 డిగ్రీల హఠాత్ పతనం కనబడింది. అది కొలిచే పద్ధతి మారడం వల్ల వచ్చిందని 2008లో గాని తేలలేదు. దిద్దుబాట్లు జరిగాక కూడా అట్లాంటిక్ గుట్ట నిలిచే ఉంది, కానీ దాని అంచులు నా మొదటి గ్రాఫులో ఉన్నంత నిబ్బరంగా లేవు.

ఓడల కంటే ఓపికగా కొలిచిన జీవి ఒకటుంది. ఐస్‌లాండ్ ఉత్తరాన సముద్రం అడుగున బతికే "ఆర్కటికా ఐలాండికా" అనే ఆల్చిప్ప ఏటా తన పెంకులో ఒక గీత చేర్చుకుంటుంది. 2006లో దొరికిన ఒకదాని వయసు మొదట 400 ఏళ్లు దాటినట్టు లెక్కించి, తరువాత సరిదిద్ది 507 ఏళ్లని తేల్చారు. పెంకును అడ్డంగా కోసి, నున్నగా రాసి, సూక్ష్మదర్శిని కింద వెంట్రుక మందం గీతలను లెక్కపెట్టి, చనిపోయిన ఆల్చిప్పల గీతలను బతికున్న వాటి గీతలతో జతపరుస్తూ పోతే 1357 ఏళ్ల వరస తయారైంది. ఆ పెంకుల్లోని ఆక్సిజన్ ఐసోటోపులను, అంటే నాటి నీటి తీరును పట్టి ఇచ్చే వేర్వేరు బరువుల ఆక్సిజన్ అణువులను, పరిశీలించినవారు 2016లో చెప్పినది నాకు కలిగించిన ఆశ్చర్యం ఇంకా తగ్గలేదు: పారిశ్రామిక యుగానికి ముందు ఐస్‌లాండ్ నీటిలో మార్పు ముందూ, ఉత్తరార్ధగోళపు గాలి ఉష్ణోగ్రతలో మార్పు వెనకా వచ్చేవి. గత రెండు వందల ఏళ్లలో ఆ వరస తలకిందులైంది. గాలి ముందు నడుస్తోంది, నీరు వెనక వస్తోంది.

ఈ ఒక్క ఫలితం రెండు పక్షాల తొందరపాటుకూ సమాధానం చెబుతుంది. ఇప్పటి వేడి అంతా సముద్రపు సహజ లయే అనేవారు, సముద్రం తన పాత వేడినే పైకి తెచ్చి ఇస్తోందని నిరూపించాలి. అలాగైతే లోతులు చల్లబడుతూ ఉండాలి. 2000 మీటర్ల దాకా మునిగి తేలుతూ పదిరోజులకోసారి కొలతలు పంపే దాదాపు 4000 ఆర్గో పరికరాలు, మహాసముద్రాలన్నిటినీ కలిపి చూస్తే, పైనా కిందా కూడా వేడి పెరుగుతోందనే చెబుతున్నాయి. ఆ వేడి బయటి నుంచి రావలసిందే. ఇక, ప్రతి వంపునూ మనిషి లెక్కలోనే రాసేవారు, 1968 నాటి మంచునూ 1972 నాటి చలినీ ఏ పొగగొట్టానికి కడతారో చెప్పాలి.

నా గ్రాఫులోని అసలు దోషం సరళరేఖ. ఇరవయ్యో శతాబ్దపు భూతాపం సరళంగా పెరగలేదు. కొంతకాలం పెరిగింది, నడిమి దశాబ్దాల్లో ఆగింది, 1970ల తరువాత పరుగెత్తింది. అలా వంగిన దానిలోంచి నిటారు గీతను తీసేస్తే, మిగిలిన వంపంతా సముద్రం ఖాతాలో పడి, అల ఆకారం తెచ్చుకుంటుంది. సరళరేఖకు బదులు ప్రపంచ సముద్రాల సగటునే తీసేసి మళ్లీ గీశాను. 1960ల పల్లం అలాగే ఉంది, బహుశా ఇంకా స్పష్టంగా. 1995 తరువాతి గుట్ట మాత్రం చాలా కుంగిపోయింది. గ్రీన్‌లాండ్ దక్షిణాన, ప్రపంచమంతా వేడెక్కుతున్నా చల్లగా మిగిలిన నీటి మచ్చను వేరుగా తీసి చూస్తే, 2010ల మధ్య అక్కడ గీత గట్టిగా కిందికి దిగింది కూడా.

ఆ మచ్చ చలికాలపు గాలుల వల్లనా, నెమ్మదిస్తున్న ఆమోక్ వల్లనా అన్నదే ఇప్పుడు నేను గమనిస్తున్న ప్రశ్న. గాలి వల్లనైతే నాలుగైదు తేలికపాటి చలికాలాలు వచ్చేసరికి అది చెరిగిపోవాలి, లోతున ఉప్పులో మార్పు నిలవకూడదు. ప్రవాహం వల్లనైతే, గాలి ఎటు తిరిగినా ఆ మచ్చ కదలదు. అదే సమయంలో అమెరికా తూర్పు తీరం పక్కన నీరు మామూలుకంటే ఎక్కువగా వేడెక్కుతూ పోవాలి. రాపిడ్ వరసకు ఇప్పటికి ఇరవై ఏళ్ల వయసు వచ్చింది. 65 ఏళ్ల మాట అటుంచితే, గ్రేట్ సాలినిటీ అనామలీ లాంటి ఒక ప్రదక్షిణను మొదటి నుంచి చివరిదాకా చూడడానికి ఆ వయసు సరిపోతుంది, అలాంటిది మళ్లీ బయలుదేరితే.